మా ఇంట్లో 55 చింతపిక్కలు: ప్రభుత్వ ఖర్చులో మనం నిజంగా ఎంచుకోగలిగేది ఎంత?

2025లో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక లెక్క పలుమార్లు చెప్పారు. రాష్ట్రానికి నెలకు సుమారు 18,500 కోట్ల రూపాయల ఆదాయం వస్తోంది. అందులో 6,500 కోట్లు జీతాలకు, పెన్షన్లకు పోతాయి. ఇంకో 6,500 కోట్లు అప్పుల అసలుకు, వడ్డీలకు పోతాయి. సంక్షేమానికైనా అభివృద్ధికైనా మిగిలేది 5,000 నుంచి 5,500 కోట్లే. ప్రతిపక్షం ఈ లెక్కను, ముఖ్యంగా అప్పుల అంకెను, ఒప్పుకోలేదు. ఆ తగువు సంగతి కాస్త తర్వాత చూద్దాం.

మేముండేది రామంతాపూర్‌లో. ఇక్కణ్నుంచి సికింద్రాబాద్ పోయే సిటీ బస్సెక్కితే ఇదే చర్చ వినపడుతుంది. ఆడవాళ్లకు ఫ్రీ టికెట్ ఇచ్చే డబ్బుతో నాలాలు, అంటే వాననీటి కాలువలు, బాగు చేయొచ్చు కదా అని ఒకరంటారు. నాలాల డబ్బు కాంట్రాక్టరుకు పోతుంది, టికెట్ డబ్బయితే నా చేతిలో మిగులుతుంది కదా అని ఇంకొకరంటారు. ఇంటికొస్తే మా అమ్మ ప్రశ్న వేరు. "మూడు లక్షల కోట్ల బడ్జెట్ అని పేపర్లో రాసిండ్రు. ఈయనేమో ఐదు వేలంటుండు. ఏది నిజంరా?"

రెండూ నిజమే. ఎలా నిజమో తెలిస్తే బస్సులో వాదన కూడా కొంత చిక్కు వీడుతుంది.

మూడు లక్షల కోట్లు ఎలా కరిగిపోతాయి

2025-26 తెలంగాణ బడ్జెట్‌ను ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క 2025 మార్చి 19న సభలో పెట్టారు. మొత్తం 3,04,965 కోట్లు. ఇందులో 2,26,982 కోట్లు రెవెన్యూ వ్యయం. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు, సబ్సిడీలు, రైతులకిచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసా లాంటివన్నీ ఇందులోకి వస్తాయి. అంటే ఈ ఏడాది ఖర్చయి ఈ ఏడాదే అయిపోయేవి. మరో 36,504 కోట్లు మూలధన వ్యయం. రోడ్లు, కాలువలు, ఆసుపత్రి భవనాల్లాంటి ఆస్తులు సృష్టించే ఖర్చు ఇది. మిగతా 41 వేల కోట్ల పైచిలుకు పాత అప్పుల అసలు తీర్చడానికి, ప్రభుత్వం తన సంస్థలకు ఇచ్చే అప్పులకు పోతుంది.

రాబడి వైపు చూస్తే, పన్నులు, కేంద్రం నుంచి వచ్చే వాటా, ఇతర ఆదాయాలు కలిపి 2,29,720 కోట్లు వస్తాయని అంచనా వేశారు. నెలకు 19 వేల కోట్ల పైన. ముఖ్యమంత్రి చెప్పిన 18,500 కోట్లు దీనికి దగ్గరలోనే ఉంది. పాత అప్పుల అసలు చెల్లింపు పక్కన పెట్టి చూస్తే, రాబడికీ ఖర్చుకూ మధ్య తేడా, అంటే ద్రవ్యలోటు, 54,009 కోట్లు. ఆ లోటు పూడేది అప్పుతోనే.

అప్పు అనగానే ఇంటి ఖర్చుతో పోల్చడం మనకు అలవాటు. కొంతవరకు ఆ పోలిక పనికొస్తుంది. అద్దె, ఈఎంఐ, బడి ఫీజు పోగా చేతిలో ఉండేదెంత అనేది ప్రతి ఇంటికీ తెలిసిన లెక్కే. కానీ ఒకచోట అది తప్పుదారి పట్టిస్తుంది. ఇంటి పెద్ద ఏదో ఒకనాటికి ఉద్యోగం మానేస్తాడు, ఆలోగా అప్పు తీర్చాలి. రాష్ట్రానికి రిటైర్మెంట్ లేదు. పాత బాండ్లు తీర్చి కొత్తవి అమ్ముతూ పోతుంది. సాధారణంగా మంగళవారాల్లో రిజర్వ్ బ్యాంకు నడిపే వేలంలో రాష్ట్రాలు ఇలాగే అప్పు తెస్తాయి. అలాగని హద్దు లేకుండానూ తేలేవు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. ఆ అనుమతి మామూలుగా రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం చుట్టూ ఉంటుంది. నోట్లు అచ్చేసుకునే అధికారం రాష్ట్రానికి అసలే లేదు.

ఇప్పుడు అప్పుల తగువు. బడ్జెట్‌లో వడ్డీ ఒక్కటే ఏడాదికి 19 వేల కోట్ల పైచిలుకు, అంటే నెలకు 1,600 కోట్ల చిల్లర. అది 6,500 ఎప్పుడవుతుంది? అసలు వాయిదాలు కలిపినప్పుడు, కార్పొరేషన్ల పేరుతో తెచ్చి ప్రభుత్వమే కడుతున్న అప్పుల్ని కూడా కలిపినప్పుడు. 2023 డిసెంబరులో ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం మొత్తం అప్పును 6,71,757 కోట్లుగా చూపింది. దానికి జవాబుగా ప్రతిపక్షమైన భారత రాష్ట్ర సమితి 'స్వేద పత్రం' విడుదల చేసింది. గ్యారంటీ ఇచ్చిన ప్రతి అప్పునూ రాష్ట్రం నెత్తిన వేయడం తప్పని, తెచ్చిన డబ్బుతో ఆస్తులు కట్టామని దాని వాదన. వడ్డీనే లెక్కిస్తే ఒక అంకె, అసలు కలిపితే ఒకటి, కార్పొరేషన్లు కలిపితే ఇంకొకటి. టీవీలో ఇద్దరు నాయకులు ఒకరినొకరు అబద్ధాలకోరు అంటున్నప్పుడు చాలాసార్లు ఇద్దరి అంకెలూ నిజమే, హద్దు గీసిన చోటే వేరు.

చట్టం కట్టేసినవి, ఒప్పందం కట్టేసినవి, మాట కట్టేసినవి

ఆర్థికవేత్తలు ఖర్చును రెండుగా విడదీస్తారు: తప్పనిసరి వ్యయం, ఐచ్ఛిక వ్యయం. వినడానికి సులువుగా ఉంటుంది గానీ, ఆ గీత అంత సూటిగా ఉండదు. నాకైతే మూడు రకాల ముళ్లు కనిపిస్తాయి.

మొదటిది చట్టం వేసిన ముడి. గవర్నర్ వేతనం, హైకోర్టు జడ్జీల జీతాలు, రాష్ట్ర అప్పు మీద వడ్డీ, కోర్టు తీర్పుల ప్రకారం కట్టాల్సినవి. వీటిని 202వ అధికరణం సంచిత నిధి, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానా, మీదే నేరుగా పెట్టింది. సభ వీటిని చర్చించవచ్చు, ఓటుకు పెట్టడానికి లేదు. రెండోది ఒప్పందం వేసిన ముడి: టీచర్ల జీతం, పోలీసుల జీతం, రిటైరైన వారి పెన్షన్. సాంకేతికంగా వీటికి సభ ఓటు కావాలి, కానీ ఏ సభా కాదనదు, కాదనకూడదు కూడా.

మూడోది మాట వేసిన ముడి, మన చర్చంతా నిజానికి దీని చుట్టూనే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అది పూర్తిగా ఐచ్ఛిక వ్యయం. ఇవ్వకపోతే అడిగే చట్టం లేదు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి, 2013లో, తక్కువ ధరకు తిండిగింజలు పొందడం దేశమంతటా చట్టబద్ధమైన హక్కు అయింది. 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ షాపుల్లోకి సన్నబియ్యం వచ్చాయి, మనిషికి 6 కిలోలు. ఇంకే ప్రభుత్వమూ వీటిని వెనక్కి తీసుకోగలదని నేననుకోను. వ్యవసాయానికి ఉచిత కరెంటు కూడా అంతే. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రమాణస్వీకారం రోజున పెట్టిన సంతకం, రాష్ట్రం రెండయినా, పార్టీలు మారినా, రెండు చోట్లా నడుస్తూనే ఉంది.

ఈ ఏడాది ఎంపిక వచ్చే ఏడాది తప్పనిసరి అవుతుంది. ఇందులో మంచీ ఉంది: పేదవాడికి దక్కినది ఒక్క కలంపోటుతో పోదు. కష్టమూ ఉంది: కొత్తగా వచ్చే అవసరానికి చోటు తగ్గుతూ పోతుంది. 2025-26లో అధికార పక్షం ఎన్నికల హామీలైన ఆరు గ్యారంటీలకు చూపిన కేటాయింపు 56,084 కోట్లు. ముఖ్యమంత్రి చెప్పిన మిగులునే, అందులోనూ ఎక్కువ అంకెనే తీసుకుంటే, నెలకు 5,500 చొప్పున ఏడాదికి 66,000 కోట్లు. అందులోంచి ఇది తీసేస్తే ఏడాది మొత్తానికి మిగిలేది పది వేల కోట్ల లోపే. ఆ పైన ఏం కట్టాలన్నా అప్పే దిక్కు.

పిక్కల ఆట

అమ్మకు ఇదంతా మాటల్లో చెప్తే ఎక్కలేదు. ఆ ఆదివారం నల్గొండ వైపు నుంచి చిన్నమ్మ వచ్చి ఉంది. అమ్మ చింతపండులోంచి తీసి పెట్టిన పిక్కల డబ్బా తెచ్చాను. ఒక్కో పిక్క వంద కోట్లు అనుకుంటే ప్రభుత్వం చేతిలో నెలకు 55 పిక్కలు. నేలమీద చాక్‌పీసుతో గళ్లు గీశాం: ఆసుపత్రులు, బడులు, రైతులు, బస్సులు, నాలాలు, మెట్రో, పింఛన్లు, ఇళ్లు.

మొదటిసారి ఏ హద్దూ పెట్టలేదు. ఏది ముఖ్యమనుకుంటే దానికి ఎన్ని కావాలంటే అన్ని పెట్టమన్నాను. నలుగురం కలిసి పెట్టింది లెక్కేస్తే 130 దాటింది. ఎవరూ అత్యాశకు పోలేదు, ఒక్కోటీ అవసరమైనదే. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా పథకాలకు దరఖాస్తులు తీసుకోవడానికి జరిగిన ప్రజాపాలనలో దాదాపు కోటీ పాతిక లక్షల దరఖాస్తులు రావడం కూడా ఇలాంటిదే. నీకేం కావాలి అని అడిగారు. జనం చెప్పారు. కానీ దేనికి బదులు అని ఏ ఫారంలోనూ లేదు.

రెండోసారి 55 మాత్రమే. ఒక గడిలో పిక్క వేయాలంటే ఇంకో గడిలోంచి తీయాలి, ఎందుకు తీస్తున్నావో చెప్పాలి. ఆటంతా మారిపోయింది.

"నీ మెట్రోలకెల్లి నాలుగు తియ్యిరా, కౌలు రైతుకు పెట్టు" అంది చిన్నమ్మ.

"తీస్తా గానీ చిన్నమ్మా, కౌలు రైతు పేరు ఏ కాయితంలో ఉన్నది? ఎవరికని ఇస్తరు?" అన్నాడు తమ్ముడు.

చిన్నమ్మ జవాబు చెప్పలేదు, కాసేపు పిక్క చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఆమె రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. ఆ మూడెకరాలకు రైతు భరోసా భూమి యజమానికే వస్తుంది. డబ్బు ఉంటే సరిపోదు, అది చేరాల్సిన మనిషి లెక్కలో ఉండాలి.

అమ్మ ఇరవై పిక్కలు ఆసుపత్రుల గడిలో పోసి చేతులు దులుపుకుంది. అక్కడ ఇంకో చిక్కు బయటపడింది. మొదటి పిక్క చేసే మేలు, ఇరవయ్యోది చేసే మేలు ఒకటేనా? బస్తీ దవాఖానాలో బీపీ మాత్రలు అయిపోకుండా చూసే వంద కోట్లూ, ఇప్పటికే ఉన్న పెద్దాసుపత్రికి ఇంకో అంతస్తు వేసే వంద కోట్లూ ఒకే గడిలో ఉన్నాయి గానీ ఒకే పని చేయవు. ఆరోగ్యం ముఖ్యమా, చదువు ముఖ్యమా అనే ప్రశ్నకు జవాబు లేదు. వచ్చే వంద కోట్లు ఎక్కడ పెడితే ఎక్కువ మేలు అనే ప్రశ్నకు జవాబు వెతకొచ్చు.

ఒక టికెట్ లెక్క

బస్సులో వాదనకు వద్దాం. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ల ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. 2025 జులై నాటికి 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయ్యాయని, వాటి టికెట్ విలువ దాదాపు 6,700 కోట్లని ప్రభుత్వం ప్రకటించింది. భాగిస్తే ఒక్కో ప్రయాణం సగటున 33 రూపాయలు. నెలకు సుమారు 340 కోట్లు, అంటే మూడున్నర పిక్కలు.

కానీ టికెట్ విలువ, ప్రభుత్వానికి అయ్యే అసలు ఖర్చు ఒకటి కావు. ఆ బస్సు ఎలాగూ తిరిగేదే అయితే, ఖాళీ సీట్లో ఒకామె కూర్చున్నందుకు డీజిల్ పెద్దగా పెరగదు. ఇంకోవైపు, జనం పెరిగి కొత్త బస్సులు, కొత్త డ్రైవర్లు కావాల్సి వస్తే అసలు ఖర్చు టికెట్ విలువను దాటవచ్చు. ప్రభుత్వం ఆర్టీసీకి ఆ సొమ్ము సమయానికి కట్టకపోతే భారం సంస్థ మీద, దాని సిబ్బంది మీద పడుతుంది.

మేలు వైపూ అంతే. 33 రూపాయలు మిగలడం ఒక మేలు. టికెట్ కొనాల్సి వస్తే అసలు బయల్దేరని మనిషి బయల్దేరడం ఇంకో రకం మేలు. ఉప్పల్‌లో ఉంటూ అమీర్‌పేటలో ఇళ్లల్లో పనిచేసే ఆమెకు రానూపోనూ చార్జీ నెల సంపాదనలో ఒక ముక్క. అది లేనప్పుడు దూరంగా ఉన్న మంచి పనిని ఒప్పుకోగలదు. వ్యతిరేకించేవాళ్ల మాటలోనూ పస ఉంది. పెద్ద జీతం తీసుకునే ఉద్యోగినికీ, కూలికి పోయే ఆమెకూ ఒకే రాయితీ ఎందుకు? కిక్కిరిసిన బస్సులో నిలబడి డబ్బు కట్టే మగ కూలీ మాటేమిటి? దీనికి సమర్థకుల జవాబు ఒకటుంది. అర్హులను ఏరడానికి కార్డులు, తనిఖీలు, దళారులు మొదలవుతాయి, నిజంగా పేదవాళ్లే అందులో జారిపోతారు. అందరికీ ఇస్తే ఆధార్ చూపిస్తే చాలు. నా మనసు ఈ రెండో వైపే మొగ్గుతుంది, బస్సులు పెంచినంతకాలం.

రైతు రుణమాఫీని కూడా ఇదే త్రాసులో వేయొచ్చు. 2024లో 25.35 లక్షల మందికి 20,616 కోట్లు మాఫీ చేశారు. తలకు సుమారు 81 వేలు. పిక్కల్లో 206, అంటే దాదాపు నాలుగు నెలల మిగులు. అప్పు తీరిన రైతు మళ్లీ బ్యాంకు గడప తొక్కగలడు, వడ్డీ వ్యాపారి దగ్గరికి పోనక్కర్లేదు. బ్యాంకులో అప్పే పుట్టని కౌలు రైతుకు మాత్రం రూపాయి రాలేదు. కష్టపడి కట్టేసినవాడికీ రాలేదు.

వానకు ముందు, వాన తర్వాత

నాలాల గడి నాది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మా వైపు ఎవరూ మరచిపోలేదు. రామంతాపూర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఆ వెంటనే ప్రభుత్వం ముంపు ఇళ్లకు 10 వేల చొప్పున సాయం ప్రకటించి, 550 కోట్లు విడుదల చేసింది. మరుసటి ఏడాది నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. దాని మొదటి దశ అంచనా దాదాపు 985 కోట్లు.

ఒకసారి మునిగినందుకు ఐదున్నర పిక్కలు. మునగకుండా ఉండే ఏర్పాటులో మొదటి విడతకు పది పిక్కలు. లెక్క ఇలా పక్కపక్కన పెడితే ముందే కట్టడం మేలని ఎవరికైనా తోస్తుంది. మరి ముందే ఎందుకు కట్టలేదు? నాలా వెడల్పు చేస్తే మునగని ఇంటివాడికి తాను మునగలేదన్న సంగతే తెలియదు. పదివేలు అందుకున్న ఇంటివాడికి అందుకున్నట్టు తెలుస్తుంది. పైగా నాలా మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లను కదిలించాలి, వాళ్లకు ఇంకోచోట ఇల్లు చూపించాలి. వాళ్లలో చాలామంది పేదలే. నాలా గడిలో పిక్క వేసేటప్పుడు ఇళ్ల గడిలో కూడా ఒకటి వేయకపోతే ఆ పని అన్యాయమవుతుంది.

ఈ ఊరు ఒకప్పుడు ముందుచూపు చూపింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నది ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వరద ఆపడానికి పెట్టిన ఖర్చు దశాబ్దాలపాటు నగరానికి తాగునీళ్లూ ఇచ్చింది.

కట్టడమంతా పెట్టుబడేనా

ఉచితాలు మానేసి అభివృద్ధికి పెట్టాలి అనేవాళ్లు రెవెన్యూ వ్యయం చెడ్డది, మూలధన వ్యయం మంచిది అన్నట్టు మాట్లాడతారు. టీచరు జీతం రెవెన్యూ వ్యయం. బడి చుట్టూ ప్రహరీ గోడ మూలధన వ్యయం. రెంటిలో ఏది పిల్లవాడికి చదువు చెప్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

పెద్ద కట్టడాలకూ లెక్క తప్పొచ్చు. కాళేశ్వరం ఎత్తిపోతల మీద 2024 ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక, మొత్తం ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చని, పెట్టిన ప్రతి రూపాయికీ వచ్చే ప్రయోజనం 52 పైసలేనని లెక్కగట్టింది. దాన్ని కట్టిన ప్రభుత్వ పక్షం ఈ లెక్కను ఒప్పుకోదు. నిండిన చెరువులు, పెరిగిన భూగర్భజలాలు, పండిన వరి ఇందులో సరిగా కొలవలేదంటుంది. ఎవరి కొలత సరైనదైనా, 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి, అప్పు వాయిదాలు మాత్రం ఆగలేదు.

గోషామహల్‌లో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అంచనా సుమారు 2,700 కోట్లు, 27 పిక్కలు. ఆ ఆసుపత్రి రోగుల అవస్థ చూసినవారెవరూ ఇది వద్దనరు. అయితే 27 పిక్కలతో లెక్క తీరిపోదు. 2,000 పడకలకు నర్సులు, డాక్టర్లు, ఆక్సిజన్, శానిటేషన్ సిబ్బంది ప్రతినెలా కావాలి. మూలధన వ్యయం రేపటి రెవెన్యూ వ్యయాన్ని కడుపులో పెట్టుకునే పుడుతుంది.

ఒక్కసారి వచ్చే ఆదాయంతో నెలనెలా ఖర్చు నడపడం దీనికి తిరగేసిన రూపం. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు టోల్ హక్కును 30 ఏళ్లకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు. ఆ డబ్బు నెలనెలా మిగిలే సొమ్ముతో చూస్తే నెలన్నర లోపు. 2050 తర్వాత కూడా ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లు కట్టబోయే టోల్‌ను 2023లోనే అందుకున్నట్టయింది. దాంతో తరతరాలకు పనికొచ్చేది కట్టి ఉంటే ఒక మాట, రోజువారీ ఖర్చుల్లో కలిసిపోతే ఇంకో మాట.

కేటాయింపు వేరు, విడుదల వేరు

అన్నిటికంటే ముఖ్యమైన ఎంపిక బడ్జెట్ రోజున జరగదు. జనం దృష్టి పెద్దగా పడని చోట జరుగుతుంది.

బడ్జెట్ పుస్తకంలో అంకె ఉన్నంతమాత్రాన శాఖ చేతికి డబ్బు వచ్చినట్టు కాదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తర్వాత బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, టోకెన్ నంబరు పడాలి, ఖజానాలో సొమ్ముంటే బ్యాంకుకు చేరాలి. ప్రభుత్వోద్యోగులను అడగండి, 'ఈ-కుబేర్‌లో (రిజర్వ్ బ్యాంకు చెల్లింపుల వ్యవస్థలో) ఆగింది' అనే మాట వాళ్లకు ఎంత అలవాటైపోయిందో చెప్తారు. 55 పిక్కలున్న నెలలో వంద పిక్కల బిల్లులు వస్తే, ఎవరికి ముందు ఇవ్వాలి, ఎవరిని ఆపాలి అనేది అక్కడ తేలుతుంది.

2025 జూన్‌నే తీసుకోండి. వానాకాలం రైతు భరోసా కింద తొమ్మిది రోజుల్లో దాదాపు 9 వేల కోట్లు రైతుల ఖాతాల్లో వేశామని ప్రభుత్వం చెప్పింది. విత్తే వేళకు డబ్బు అందడం ఎంత అవసరమో చిన్నమ్మను అడిగితే తెలుస్తుంది. కానీ అది ఒక నెల మిగులు కంటే ఎక్కువ. తేడా ఎక్కడిది? కొంత అప్పు, కొంత మిగతావాళ్ల నిరీక్షణ. అదే ఏడాది ఆరోగ్యశ్రీ బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ప్రైవేటు కాలేజీలు మూతపెట్టి నిరసన తెలిపాయి. ఏ మంత్రీ ఆరోగ్యశ్రీకి కోత పెట్టామని ప్రకటించలేదు. బడ్జెట్‌లో దాని అంకె అలాగే ఉంది.

దీన్ని సమర్థించే వాదన ఉంది. ఆదాయం ప్రతినెలా ఒకేలా రాదు, కొన్నిటిని కొన్నాళ్లు ఆపక తప్పదు, రేపు వరద వస్తే చేతిలో ఏదో ఉండాలి. ఇది కాదనలేం. అయినా ఇలా ఆపడం వల్ల కలిగే బాధ సమానంగా పడదు. పెద్ద కాంట్రాక్టరు హైకోర్టుకు వెళ్లి ఆర్డర్ తెచ్చుకోగలడు. సర్టిఫికెట్లు కాలేజీలో ఆగిపోయిన డిగ్రీ పిల్ల ఎక్కడికి వెళ్తుంది? అడగగలిగినవాడికి ముందు, అడగలేనివాడికి తర్వాత అనే వరుస ఎవరూ రాయకుండానే అమల్లోకి వస్తుంది. బస్సులో వాదించుకునే మనం నిజంగా నిలదీయాల్సిన చోటు ఇదేనని నాకనిపిస్తుంది.

కేంద్రం వాటా ఉన్న పథకాలతో ఇంకో మెలిక ఉంది. చాలా పథకాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 భరిస్తాయి. రాష్ట్రం తన 40 పెట్టకపోతే ఆ 60 కూడా ఆగుతుంది. అందుకని ఆర్థిక శాఖ ముందు వీటికి సర్దుతుంది. నలభైతో వంద రూపాయల పని అవుతున్నప్పుడు అది తెలివైన పనే. కాకపోతే మన అవసరాల వరుసను కొంతమేర ఢిల్లీ రాస్తున్నట్టవుతుంది.

ఎక్కువమంది అడిగితే చాలా?

పిక్కల ఆటలో నలుగురిలో ముగ్గురం నగరవాసులం. ఓటుకు పెట్టి ఉంటే చిన్నమ్మ గడి ఖాళీ అయ్యేది. ప్రజలే ప్రాధాన్యాలు నిర్ణయించాలి అనడం సులువు, ఏ ప్రజలు అనేది కష్టం. కాలనీ సంఘం మీటింగుకు సాయంత్రం ఆరింటికి వచ్చేది ఎవరు? ఆ వేళకు ఇంకా పనిలోనే ఉన్న అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం రాదు.

అందుకే కొన్ని నిధులకు కంచె వేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం, దాని స్థానంలో తెలంగాణ 2017లో తెచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం, జనాభా దామాషాలో నిధులు పక్కన పెట్టాలంటాయి. కంచె వల్ల ఆర్థిక మంత్రికి వెసులుబాటు తగ్గుతుంది. అది లేని రోజుల్లో ఆ వెసులుబాటు ఎవరి వాటాను మింగిందో దళిత సంఘాలు ఏళ్ల తరబడి లెక్కలతో చూపిన తర్వాతే ఈ చట్టం వచ్చింది.

హైదరాబాద్ డబ్బు హైదరాబాద్‌కే అనే వాదన కూడా ఇక్కడే తేల్చుకోవాలి. రాష్ట్ర రాబడిలో పెద్ద వాటా ఈ నగరం చుట్టూ పుడుతుంది, మన రోడ్లు మాత్రం ఇలా ఉన్నాయి, ఆ కోపం సబబే. కానీ ఈ నగరంలో కట్టే ప్రతి అంతస్తులో పాలమూరు కూలీ చెమట ఉంది, ఇక్కడ తాగే కృష్ణా, గోదావరి నీళ్లు ఆ జిల్లాల మీదుగా వస్తున్నాయి.

జనాన్ని నేరుగా కూర్చోబెట్టి చేసిన ప్రయత్నాలు లేకపోలేదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లో పేటల వారీ సభలు పెట్టి పనుల వరుస జనంతోనే తేల్పించింది. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమంతో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించింది. పుణె కార్పొరేషన్ 2006-07 నుంచి వార్డు పనులకు పౌరుల సూచనలు తీసుకుంటోంది. ఇలాంటి చోట్ల జనం చేతికి వచ్చేది బడ్జెట్‌లో చిన్న ముక్కే, ఎక్కువగా వీధి స్థాయి పనులే. రుణమాఫీ, మెట్రో లాంటివి ఆ సభల దాకా రావు. కానీ అక్కడ అడిగేది నీకేం కావాలి అని మాత్రమే కాదు, ఇంత డబ్బే ఉంది, ఏది ముందు అని.

మన దగ్గర శాసనసభలో పద్దుల మీద చర్చ కొద్ది రోజుల్లో ముగుస్తుంది. ఆ తర్వాత ఏది నిజంగా ఖర్చయిందో కాగ్ నెలనెలా పెట్టే లెక్కల్లో, మరుసటి ఏడాది సవరించిన అంచనాల్లో కనిపిస్తుంది. ఒకే శాఖకు కేటాయింపు ఒక అంకె, సవరించినది ఒక అంకె, వాస్తవంగా ఖర్చయినది ఒక అంకె. మూడూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఎవరిని ఆపారో తెలుస్తుంది.

ఆ ఆదివారం మూడోసారి ఆడేటప్పుడు, ముందుగా పది పిక్కలు బకాయిల కోసం పక్కన పెట్టాం. అది మేం అనుకున్న అంకె. మిగిలిన 45 సర్దడానికి రెండు గంటలు పట్టింది. అమ్మ ఆసుపత్రుల గడిలోంచి ఆరు తీసి నాలుగు ఫీజుల బకాయికి, రెండు నాలాలకు వేసింది. తమ్ముడి మెట్రోలో మూడే మిగిలాయి. చిన్నమ్మ తన గడిలోంచి ఒక్కటీ తీయలేదు, మేమూ తీయమనలేదు. తమ్ముడు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాడు. మార్చిలో బడ్జెట్ వచ్చినప్పుడు పద్దుల పక్కన పెట్టి చూద్దామన్నాడు.